హెచ్‌ఐవీ - డిమెన్షియా: పాత గుంటూరు జిల్లా నేపథ్యంలో

హెచ్‌ఐవీ సోకినవారిలో ఆలోచన మందగించడం, ధ్యాస నిలవకపోవడం, చేతిపనిలోనూ నడకలోనూ చురుకు తగ్గడం వంటివి కనిపించవచ్చు. వైద్యులు వీటిని హెచ్‌ఐవీ సంబంధ మేధో లోపాలు అంటారు. వాటిలో తీవ్ర దశ డిమెన్షియా. వైరస్ సాధారణంగా న్యూరాన్లకు, అంటే నాడీకణాలకు, సోకదు. రక్తంలోని మోనోసైట్లనే తెల్లకణాలతో మెదడుకు చేరి, అక్కడి రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా, మాక్రోఫేజ్ కణాల్లో తిష్ఠవేస్తుంది. దానివల్ల కలిగే వాపు న్యూరాన్లను దెబ్బతీస్తుంది. మెదడు లోపలి భాగాలు ఎక్కువగా దెబ్బతింటాయి కనుక, అల్జీమర్స్‌లోలా ముందు జ్ఞాపకం కాకుండా, వేగం తగ్గుతుంది.

పల్నాడు ప్రాంతం 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయ్యేదాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఆ పాత గుంటూరు జిల్లాలో హెచ్‌ఐవీ బాధితుల సంఖ్యపై పరిశోధకుల మధ్య గట్టి వివాదమే నడిచింది. ఆసుపత్రుల్లో గర్భిణులు తదితరులకు చేసిన పరీక్షలు ఆధారమైన అధికారిక పద్ధతి ప్రకారం 2005లో 15-49 ఏళ్లవారిలో 1,12,635 మందికి, అంటే 4.38 శాతానికి, వైరస్ ఉంది. పరిశోధకుడు లలిత్ దండోనా బృందం 2004-05లో పల్లెల్లో, పట్టణాల్లో ఇంటింటికీ వెళ్లి 12,617 మందిని పరీక్షించగా, జిల్లా మొత్తానికి తేలిన అంచనా 45,942 మాత్రమే. ప్రైవేటు వైద్యులు అనుమానిత రోగులను ప్రభుత్వాసుపత్రులకు పంపడం, అక్కడికి పేదలే ఎక్కువగా రావడం వల్ల తొలి లెక్క పెరిగిందని వారి వివరణ. 2007లో జాతీయ అంచనా కూడా దాదాపు సగానికి తగ్గినందున, ఇంటింటి లెక్కే నమ్మదగినదిగా తోస్తుంది.

మెదడు పరిశోధనలోనూ కొలిచే తీరును బట్టి లెక్క మారే చిక్కు ఉంది. హెచ్‌ఐవీని అదుపుచేసే మందులైన ఏఆర్‌టీ ఇంకా మొదలుపెట్టని 119 మంది బాధితులను బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ పరీక్షించి, 60.5 శాతంలో స్వల్ప లేదా మధ్యస్థ లోపాలున్నాయని 2007లో ప్రకటించింది. తీవ్ర లోపం ఒక్కరిలోనూ లేదు. మన దేశంలో ప్రధానంగా ఉన్న హెచ్‌ఐవీ సి ఉపరకం మెదడుకు అంతగా హాని చేయదన్న వాదన అప్పటికే ఉంది. ఉదయ్‌కుమార్ రంగా బృందం 2004లో చూపిన, వైరస్‌లోని టాట్ ప్రోటీన్ తేడా దానికి ఆధారం. అయితే అదే ఉపరకం ఉన్న దక్షిణాఫ్రికాలో డిమెన్షియా గణనీయంగానే కనిపించింది. కనుక ఈ వాదనపై ధీమా పెట్టుకోవడం తొందరపాటే.

మేధో లోపాలను నిర్ధారించే 2007 నాటి ఫ్రస్కాటి ప్రమాణాలతో అమెరికాలో హెచ్‌ఐవీ ఉన్న 1,555 మందిని చూసిన చార్టర్ అధ్యయనం 52 శాతంలో లోపం కనుగొంది. డిమెన్షియా మాత్రం సుమారు 2 శాతంలోనే ఉంది. ఈ ప్రమాణాలు ఆరోగ్యవంతుల్లోనూ దాదాపు 20 శాతం మందిని లోపం ఉన్నవారిగా చూపగలవన్న విమర్శ వచ్చింది. పరీక్షలో తక్కువ మార్కులు రావడమే జబ్బు కాదని 2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ప్రతిపాదించింది. గుంటూరు ప్రాంతంలో మిరప, పత్తి చేలలోనూ సున్నపు బట్టీల్లోనూ పనిచేసే, బడి ముఖం చూడని మనిషిని కాగితం, పెన్సిలు పరీక్షతో తూచడం న్యాయం కాదు. వేళ్ల కదలిక, చేతి భంగిమల వరుస, నాలుగు మాటల జ్ఞాపకంతో 12 మార్కులకు జరిపే 2005 నాటి అంతర్జాతీయ హెచ్‌ఐవీ డిమెన్షియా స్కేలు కొంత మేలు. అందులో 10 లేదా అంతకన్నా తక్కువ వస్తే నిపుణుడికి చూపించాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాది తదితరులు 648 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం (2013) ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు లేనివారిలోనూ ఆ తేడా ఉంది. ఇది హెచ్‌ఐవీ అధ్యయనం కాకపోయినా, తెలుగు నేలపై కొలమానాలు ఇక్కడి జీవితం నుంచే రావాలన్న మాటకు బలమిస్తుంది.

ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ సహా అధిక వ్యాప్తి ఉన్న ఆరు రాష్ట్రాల్లో మొదలైంది. రోగనిరోధక సీడీ4 కణాలు బాగా పడిపోకముందే మందులు ప్రారంభించినవారికి మెదడు ముప్పు తక్కువ. పాత ఏఆర్‌టీ మందు ఎఫావిరెంజ్ వల్ల కలతనిద్ర, తలతిరుగుడు ఉండేవి. ఇప్పుడు డోలుటెగ్రావిర్ దాని స్థానంలోకి వచ్చింది. మతిమరుపు కనిపించగానే హెచ్‌ఐవీ డిమెన్షియా అనుకోకూడదు. క్షయ, క్రిప్టోకోకస్ మెదడు పొర వాపులు, సిఫిలిస్, బి12 లోపం, కుంగుబాటు ముందుగా వెతకాలి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మందులు వాడుతున్నవారు మరుపు, తడబాటు గమనిస్తే మాత్రలు ఆపకుండా, సిగ్గుపడకుండా ఏఆర్‌టీ కేంద్రంలోని డాక్టరుకు చెప్పాలి.