తెల్లది రావాలి

లైటు ఆర్పెయ్. నువ్వు ఎదురుగా నిలబడి చూస్తున్నంతసేపూ ఆ గుర్రం ఈనదు.

స్టూలు తలుపు పక్కకు జరుపుకుని, కంబళి భుజాల మీదికి లాక్కుని కూచో. నడవా చివర ఒక్క బల్బే వెలుగుతోంది. చెక్క తలుపు సందులోంచి నీకు సగం గుర్రమే కనిపిస్తోంది. కిందికి జారిన పొట్ట, గుడ్డపట్టీ చుట్టిన తోక, ఉండుండి నేలను గీరే ముందుకాలు. బయట ఫిబ్రవరి చలి. బెంగళూరుకు పడమరగా సుమారు 70 కిలోమీటర్లు వస్తే కుణిగల్. టిప్పు సుల్తాను సైన్యానికి గుర్రాలు పెంచిన నేల. ఆ చుట్టుపక్కలే రేసు గుర్రాలను పెంచే చిన్న తోట ఇది. ఇక్కడ పుట్టిన పిల్లలు రెండేళ్లు దాటాక బెంగళూరులోనో మన మలక్‌పేటలోనో పరుగెత్తాలి. ముందు ఈ రాత్రి గడవాలి.

నీ పక్కన గోడకు ఆనుకుని కూచున్న తాతది హిందూపురం. నోట్లో బీడీ ఉంది గానీ వెలిగించలేదు. గడ్డి ఉన్నచోట వెలిగించడు.

"తాతా, ఈ రాత్రికి ఈనుతుందంటావా?"

"నన్నడుగుతావేమప్పా, దాన్నడుగు."

వెటకారం కాదు, నిజమే చెప్పాడు. దాటించిన రోజు నుంచి 340 రోజులని పుస్తకం లెక్క. 320కే ఈనేవి ఉన్నాయి, 360 దాటించేవీ ఉన్నాయి. పైగా నొప్పులు మొదలయ్యాక కూడా, అలికిడి వినిపిస్తే, గుర్రం కాసేపు బిగబట్టుకోగలదు. ఊరు సద్దుమణిగాక, నడిరాత్రి ఈనడమే దానికి ఇష్టం. మందగా బయళ్లలో తిరిగిన కాలపు భయం అది. చీకట్లో పిల్లను వేసి, తెల్లారేసరికి దాన్ని తనతో పరుగెత్తించాలి. పులులూ తోడేళ్లూ లేవు, చుట్టూ కంచె ఉంది, కాపలా ఉంది. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

టార్చి మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందులోంచి పొదుగు మీద వెలుతురు వెయ్యి. నెల కిందట వదులుగా ఉన్న పొదుగు ఇప్పుడు బిర్రుగా నిండింది. ఉన్నవి రెండే చన్నులు. రెంటి కొసనా పసుపుపచ్చటి బొట్టు గట్టిపడి అంటుకుని ఉంది. మైనం పట్టిందంటే ఒకటి రెండు రోజుల్లో ఈనుతుందని నమ్మకం. ఆ నమ్మకంతోనే నిన్న రాత్రంతా మేలుకున్నావు. అది తాపీగా గడ్డి తిని, నిలబడే కునుకు తీసింది.

తోక మొదట్లో చెయ్యి పెట్టు. మొన్నటిదాకా బిగిసి ఉన్నచోట ఇప్పుడు వేళ్లు మెత్తగా దిగబడుతున్నాయి. ఎముకలు దారి ఇస్తున్నాయి.

కింద మందంగా వరిగడ్డి పరిచారు. రంపపు పొట్టు వాడరు, తడిపిల్ల ముక్కుల్లోకి పోతుంది. మూలన కడిగిన బకెట్టు, తువ్వాళ్లు, బొడ్డుకు పెట్టే మందు. నీ చొక్కా జేబులో మొన విరిచిన కత్తెర. తాత ఇచ్చాడు.

"తెల్లది రావల్ల. ఎర్రది వస్తే కొయ్యల్ల. అప్పుడు నన్ను పిలుస్తా కూచోవద్దు, డాక్టరుకు ఫోన్లు చేస్తా కూచోవద్దు. ముందు కొయ్యల్ల."

"ఎందుకు తాతా?"

"వస్తే చెప్తాలే. రాదులే."

లేచి, మోకాళ్లు పట్టుకుని, అవతలి వరసలో ఉన్న గుర్రాలను చూడ్డానికి వెళ్లాడు. ఇప్పుడు నువ్వూ అదీ.

ఒంటిగంట దాటాక మేత వదిలేసింది. పై పెదవి ముడిచి గాలిని వాసన చూస్తోంది. మెడ తిప్పి తన పక్కల వైపు చూసుకుంటోంది, అక్కడ ఎవరో పిలిచినట్టు. వెనక కాలితో పొట్ట కింద తన్నుకుంది. చుట్టూ తిరిగింది. పడుకుంది. లేచింది. మళ్లీ తిరిగింది.

కడుపునొప్పి కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. పేగు మెలిపడిన గుర్రం ఇలాగే లేస్తుంది, పడుకుంటుంది, పక్కలు చూసుకుంటుంది. ఫోను చేతిలోకి తీసుకున్నావు. డాక్టరు ఊళ్లో ఉంటాడు, రావడానికి ముప్పావు గంట. ఇప్పుడే లేపాలా? లేపితే, అది హాయిగా మేత మొదలుపెడితే?

మోచేతుల వెనక చెమట. చలికాలం, ఆ ఒక్కచోటే చెమట, తర్వాత పక్కల మీద, మెడ మీద. ఆవిరి లేస్తోంది. చన్ను కొస నుంచి ఒక బొట్టు జారి వెనక కాలి మీద తెల్లటి గీత గీసింది. ఇది కడుపునొప్పి కాదు.

ఫోను చేశావు. "బయల్దేరుతున్నా, నీళ్లు పగిలిన టైము రాసిపెట్టు" అన్నాడు.

అదే అసలు గడియారం. నీళ్ల సంచి పగిలి ఉమ్మనీరు బకెట్టు కుమ్మరించినంత ధారగా దూకుతుంది. ఆ క్షణం నుంచి ఇరవై నిమిషాల్లో పిల్ల బయట పడాలి. అరగంట దాటితే పిల్ల ఆశ సన్నగిల్లుతుంది. ఆవు గంటల తరబడి నొప్పులు పడి కూడా బతికిన దూడను వెయ్యగలదు. గుర్రానికి ఆ సావకాశం లేదు. పదకొండు నెలలు తీరిగ్గా మోసి, చివర్న పరుగు పెట్టిస్తుంది.

గుర్రం పడుకుంది. ఈసారి లేవలేదు. నాలుగు కాళ్లూ చాచి ముక్కింది. పొట్ట మొత్తం గట్టిపడింది.

నీళ్లు పగలలేదు.

మళ్లీ ముక్కింది. నీళ్లు రాలేదు. టార్చి వెలిగించి, తలుపు గడియ తీసి లోపలికి అడుగుపెట్టు. గోడ వెంబడే నడువు, కాళ్ల వైపు పోవద్దు. తోక పక్కకు తియ్యి.

ఏదో కనిపిస్తోంది. తెల్లగా, నిగనిగలాడుతూ, లోపల గిట్ట నీడ కనిపించే పల్చటి పొర కోసం నీ కళ్లు వెతుకుతున్నాయి.

అది తెల్లగా లేదు.

ఎర్రగా ఉంది. ముదురెరుపు. ముఖమల్ గుడ్డలా, దళసరిగా, ఉబ్బుతూ బయటికి వస్తోంది.

ఎర్రది.

"తాతా!"

నీ అరుపు నీకే వినబడింది. కత్తెర ఎక్కడ? జేబులో. వేళ్లు వణుకుతున్నాయి. ఇది దాని పేగు అయితే? గర్భసంచే బయటికి వస్తోంటే? కోస్తే?

ముందు కొయ్యల్ల.

పొరను గుప్పెట్లో పట్టుకున్నావు. వెచ్చగా ఉంది. కత్తెర ఆనించావు. తెగలేదు. గట్టిగా నొక్కావు. తెగింది. నీళ్లు. నీ ముఖం మీద, ఛాతీ మీద, చెప్పుల్లో. లోపల తెల్లది ఉంది. ఉంది! రెండు చేతులతో చీల్చు. ఒక గిట్ట. కొంచెం వెనకగా ఇంకో గిట్ట. అరికాళ్లు కిందికే చూస్తున్నాయి. మంచిది. వాటి మీద ముక్కు. మంచిది. నాలుక బయటికి వేలాడుతోంది.

నాలుక నీలంగా ఉంది.

"పట్టు! ముక్కినప్పుడే లాగు!" తాత వచ్చేశాడు. ఒక కాలు నీది. ఒక కాలు ఆయనది. జారిపోతోంది. తువ్వాలు చుట్టు. ముక్కుతోంది. లాగు. తిన్నగా కాదు, కిందికి, దాని మడమల వైపు. ఆగింది. ఆగు. ముక్కుతోంది. లాగు. భుజాలు. కదలవు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక. లాగు. లాగు.

జారింది. మొత్తం జారింది. నీ ఒళ్లో దాదాపు యాభై కిలోల తడి బరువు. కదలదు.

ముక్కు తుడువు. పొట్ట మీద కూచోబెట్టు, పక్కకు ఒరగనీయకు. తువ్వాలుతో రుద్దు. తాత గడ్డిపరక ముక్కులోకి దూర్చాడు. ఏమీ లేదు. రుద్దు. మళ్లీ గడ్డిపరక.

తుమ్మింది.

ఒకసారి, రెండోసారి. పక్కటెముకలు లేచాయి, పడ్డాయి, లేచాయి. తాత నోట్లో బీడీ లేదు. ఎక్కడ పడిపోయిందో.

"ఇప్పుడు చెప్తా విను" అన్నాడు, రుద్దుతూనే. పిల్ల పొట్టలో ఉన్నంతకాలం దాని ఊపిరి మావిలోంచే. తల్లి గర్భసంచికి అంటుకుని ఉండేది ఆ ఎర్ర ముఖమల్ వైపే. పిల్ల బయటికి వచ్చాక ఊడాల్సింది, ముందే ఊడి, పిల్ల కన్నా ముందు బయటికొచ్చింది. ఊడిన క్షణం నుంచీ పిల్లకు గాలి లేదు. లోపల మునిగినట్టే. డాక్టరు వచ్చేదాకా ఆగి ఉంటే డాక్టరు వచ్చి చూసేది శవాన్నే.

బొడ్డుతాడు నువ్వు కొయ్యలేదు. తల్లి లేవబోయినప్పుడు, పిల్ల పొట్టకు రెండు మూడు అంగుళాల దూరంలో, సన్నబడినచోట దానంతటదే తెగింది. మొదలును మందులో ముంచు.

డాక్టరు వచ్చేసరికి పిల్ల తల ఎత్తుకుని ఉంది. గుండె విన్నాడు, చిగుళ్లు చూశాడు. గులాబీ రంగు. "లేవాలి" అన్నాడు. గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మావి పడాలి. మావి సంగతి ముందే తేలిపోయింది, పిల్ల వెనకే వచ్చేసింది. మిగిలినవి రెండు.

పిల్ల గిట్టల అడుగున పచ్చటి మెత్తటి పీచులు వేలాడుతున్నాయి. తల్లి కడుపును గీరకుండా పెట్టిన తొడుగులవి, నాలుగు అడుగులు వేస్తే అరిగిపోతాయి. ముందు ఆ నాలుగు అడుగులు వెయ్యాలి కదా. ముందుకాళ్లు చాచింది. వెనకభాగం ఎత్తింది. ముక్కు నేలకు కొట్టుకుంది. చెయ్యి వెయ్యాలని నీకు పీకుతోంది. "వద్దు" అన్నాడు డాక్టరు. గోడకు గుద్దుకుంది. తల్లి సన్నగా, గొంతులోనే గుర్రుమంటోంది, నువ్వు ఇంతకు ముందెన్నడూ దాని నోట వినని శబ్దం. గంట దాటింది. ఆలస్యమే, ఊపిరి అందని పిల్ల కదా. అయిదోసారో ఆరోసారో నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెట్టి నిలబడింది.

ఇక జున్నుపాలు. మనిషి బిడ్డకు తల్లి రోగాలను ఎదిరించే శక్తిని కడుపులోనే కొంత ఇస్తుంది. గుర్రం మావి అది దాటనివ్వదు. పిల్ల ఉత్త చేతులతో పుడుతుంది. ఉన్నదంతా ఆ మొదటి పాలలోనే. దాన్ని పీల్చుకునే పేగు గోడ గంటగంటకూ మూసుకుపోతూ, ఒక రోజు గడిచేసరికి పూర్తిగా మూసుకుంటుంది. పిల్ల తల్లి మోచేతిని చీకింది. గోడను చీకింది. నీ మోకాలిని చీకింది. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి తాగించడానికి సంచి తెరిచాడు. తాత వినిపించుకోనట్టు తల్లి చన్ను పిండి, పాలు వేలికి రాసి, ఆ వేలిని పిల్ల నోటి ముందు పెట్టి, మెల్లగా వెనక్కి జరుపుకుంటూ పొదుగు దాకా తీసుకుపోయాడు. చప్పరింపు మొదలైంది. డాక్టరు సంచి మూశాడు.

నడవాలో మావిని పరిచారు. ఒక్క ముక్క లోపల మిగిలినా తల్లికి జ్వరం పట్టి, గిట్టలు పాడై, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు రెండు కొమ్ముల కొసలూ వేలితో తడిమాడు. చిరగలేదు. ఒకచోట నక్షత్రం ఆకారపు పల్చటి మచ్చ చూపించాడు. మామూలుగా పగిలేది అక్కడ. అది చెక్కుచెదరకుండా ఉంది, పక్కన నీ కత్తెర గాటు. ఆ చుట్టుపక్కల మావి దళసరిగా, బురదరంగుగా ఉంది. చీము పట్టి ఉంటుందని, ముక్క కోసి సీసాలో వేసుకున్నాడు. పక్కనే అరచేతిలో పట్టే గోధుమరంగు ముద్ద పడి ఉంటే నువ్వు కంగారుపడ్డావు. అది ప్రతి కాన్పులోనూ ఉండేదే. అలాంటిది పిల్ల నుదుటి మీద పుడుతుందనీ వశీకరణ మందుకు పనికొస్తుందనీ పాతకాలపు రోమన్లు నమ్మారు. తాత దాన్ని కాలితో పక్కకు నెట్టాడు.

రిజిస్టరు తెచ్చారు. తల్లి, తండ్రి, పుట్టిన టైము. పుట్టినరోజు ఏదైనా, రేసు లెక్కల్లో ఇక్కడి గుర్రాలన్నిటికీ వయసు పెరిగేది జనవరి 1నే. రంగు, నుదుటి చుక్క. డాక్టరు పెన్ను ఆగింది.

"మగా? ఆడా?"

తాత నీ వైపు చూశాడు. నువ్వు తాత వైపు చూశావు. తోక ఎత్తడానికి నువ్వు లోపలికి వంగేసరికి తల్లి చెవులు వెనక్కి వాల్చి, పళ్లు చూపించి, నీ చొక్కా చేతిని పట్టి లాగింది.

"ఆడది" అన్నావు, చొక్కా విడిపించుకుంటూ. "రాయండి సార్, ఆడది."