సుల్తాన్ చేతిలో రెండు వెదురు కర్రలు

ఒకప్పుడు మా ఇంట్లో తరచు వినిపించిన తిట్టు "కోతి చేష్టలు". తిట్టేవాణ్ణి నేను, పడేవాడు మా పెద్దవాడు. షార్జాలో పదో తరగతి చదివే రోజుల్లో చేతికి ఏది దొరికితే అది విప్పి చూసేవాడు. గోడ గడియారం, ఇస్త్రీ పెట్టె, చివరికి నేను గల్ఫ్‌కి వచ్చిన కొత్తలో మొదటి జీతంతో కొనుక్కున్న రేడియో. లెక్కల్లో మార్కులు మాత్రం యాభై దాటేవి కావు.

2003 జనవరిలో ఒక శుక్రవారం (అప్పట్లో ఇక్కడ సెలవు శుక్రవారమే) నాలుగు కుటుంబాల వాళ్ళం పులిహోర, పెరుగన్నం కట్టుకుని అల్ ఐన్ జూకి వెళ్ళాం. జబల్ హఫీత్ కొండ దగ్గర 1968లో షేక్ జాయెద్ చొరవతో మొదలైన జూ అది. అక్కడ ఒక చింపాంజీ చెయ్యి చాపినా అందని పండు ముక్క కోసం ప్రయత్నించి, మానేసి, కాసేపు ఊరికే కూర్చుంది. తరవాత ఎండు పుల్ల ఒకటి తెచ్చి, దాన్ని అటూ ఇటూ ఆడించి, ముక్కని దగ్గరికి లాక్కుంది. మావాడు అక్కణ్ణించి అరగంట కదల్లేదు. అన్నాలకి వేళవుతోందని నాకు విసుగు. "కోతిని కోతి చూస్తోంది" అన్నాను, అందరూ వినేట్టు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

నిజానికి ఆ మాటలో రెండు తప్పులున్నాయి. మొదటిది, చింపాంజీ కోతి కాదు. మనిషికి దగ్గర చుట్టాలైన, తోకలేని పెద్ద వానరాలు నాలుగు రకాలు: చింపాంజీ, బొనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్. వీటిలో ఒక్కటీ మన అడవుల్లో లేదు. అందుకే వీటికి తెలుగులో సొంత పేర్లు లేవు, అన్నిటినీ కోతుల్లో కలిపేస్తాం. మలయా వాళ్ళకి ఆ అడవులతో పరిచయం ఉంది కనక వాళ్ళ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుటాన్ అంటే అడవి. రెండో తప్పు ఏమిటో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది తెలిపినది సుల్తాన్ కథ.

ఇక్కడ సుల్తాన్ అంటే వీధికొకరు పలుకుతారు. నేను చెప్పే సుల్తాన్ ఒక మగ చింపాంజీ. ఆఫ్రికా పడమటి తీరానికి అవతల స్పెయిన్ వాళ్ళ టెనరీఫ్ దీవిలో ప్రష్యన్ సైన్స్ అకాడమీ 1912లో వానరాల పరిశోధనకి ఒక కేంద్రం పెట్టింది. అప్పటి జర్మన్ వలస కామెరూన్ నుంచి చింపాంజీలని పట్టి తెచ్చారు. మనలాగా కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వచ్చినవి కావు పాపం. 1913 డిసెంబరులో ఆ కేంద్రానికి వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే 26 ఏళ్ళ జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చాడు. కొద్దికాలం ఉండి పోదామనుకున్నాడు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. ఇంటిదారి మూసుకుపోయి 1920 దాకా అక్కడే ఉండిపోయాడు. "రెండేళ్ళు చేసి పోదాం" అనుకుని వచ్చి ఇరవై ఏళ్ళు ఉండిపోయిన మనకి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అప్పటికి ప్రచారంలో ఉన్న సిద్ధాంతం అమెరికాలో థార్న్‌డైక్ చెప్పినది. 1898లో ఆయన పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి, గడియ తీసుకుని బయటపడేందుకు ఎంతసేపు పడుతుందో లెక్క కట్టాడు. జంతువులు ఆలోచించవు, గుడ్డిగా ప్రయత్నిస్తూ పోతే ఎప్పుడో ఒకసారి కుదురుతుంది, కుదిరినది నెమ్మదిగా అలవాటవుతుంది అని తేల్చాడు. కోలర్‌కి అది రుచించలేదు. గడియ లోపలి సంగతి పిల్లికి కనిపించనప్పుడు అది ఏమని ఆలోచిస్తుంది? చిక్కుముడి మొత్తం కళ్ళెదుట ఉంటే కదా తెలివి బయటపడేది! అందుకని ఆయన అన్నీ కనిపించేలా పరీక్షలు పెట్టాడు. పైకప్పుకి అరటిపండు కట్టి, కింద చెక్కపెట్టెలు పడేసేవాడు. గ్రాండే అనే ఆడ చింపాంజీ నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఎక్కింది. పేర్చడం వంకరటింకరే, పండు మాత్రం అందింది.

అన్నిటికన్నా పేరు పొందినది సుల్తాన్ పరీక్ష. ఊచల అవతల అరటిపండు, లోపల రెండు బోలు వెదురు కర్రలు. ఏ ఒక్కటీ పండుదాకా చాలదు. సన్నదాన్ని లావుదాని బోలులో దోపితేనే అందుతుంది. సుల్తాన్ గంటకి పైగా తంటాలు పడ్డాడు. ఒక కర్రని ఇంకో కర్రతో ముందుకి తోసి పండుని తాకించాడు కూడా. తాకింది, రాలేదు. కోలర్ జాలిపడి ఒక కర్ర బోలులో తన వేలు పెట్టి చూపించాడు. లాభం లేదు. ఇంక వీడివల్ల కాదనుకుని కోలర్ వెళ్ళిపోయాడు. కాపలా మనిషి ఒక్కడే మిగిలాడు.

తరవాత జరిగింది అతను చెబితేనే లోకానికి తెలిసింది. సుల్తాన్ పండుకి వీపు పెట్టి ఒక పెట్టె మీద కూర్చున్నాడు. చేతుల్లో కర్రలు పట్టుకుని ఆడుకుంటున్నాడు. ఆటలో రెండు కర్రలూ ఒకే వరసలోకి వచ్చాయి. సన్నదాన్ని లావుదాంట్లోకి దోపాడు. మరుక్షణం లేచి ఊచల దగ్గరికి పరుగెత్తి పండు లాక్కోవడం మొదలుపెట్టాడు. కర్రలు ఊడితే మళ్ళీ దోపాడు. ఆ సంబరంలో తినడం కూడా మాని, ఉన్న పండ్లన్నీ ఒక్కొక్కటే లాగేశాడట.

కోలర్ 1917లో ఈ పరిశోధనల మీద పుస్తకం వేశాడు, 1925లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఒక్కసారిగా మెరుపులా తట్టే తెలివి జంతువుల్లోనూ ఉంది అన్నది ఆయన వాదం. నాకు మాత్రం ఇందులో వేరే సంగతి కనిపించింది. పరీక్ష పెట్టిన గంటసేపూ సుల్తాన్ తప్పాడు. పరీక్షకుడు వెళ్ళిపోయాక, ఆడుకుంటుంటే నెగ్గాడు.

ఇది నా కల్పన కాదని తరవాతి పరిశోధనలు చెప్పాయి. 1945లో హెర్బర్ట్ బర్చ్ ఆరు చిన్న చింపాంజీలకి కర్రతో తిండిని లాక్కునే పరీక్ష పెడితే రెండే నెగ్గాయి. తరవాత మూడు రోజులు వాటికి కర్రలిచ్చి ఆడుకోమని వదిలేశాడు. మళ్ళీ పరీక్ష పెడితే ఆరూ క్షణాల్లో నెగ్గాయి! పండు ఆశ చూపకపోయినా, కర్రలు చేతికిస్తే చింపాంజీలు వాటిని ఒకదాంట్లో ఒకటి దోపుతాయని పాల్ షిల్లర్ గమనించాడు. మెరుపు వెనక మబ్బు ఉంటుంది. ఆటలో చేతులు నేర్చుకున్నదే అవసరం వచ్చినప్పుడు బుర్రకి తడుతుంది.

అడవిలో దీన్ని చూసినది జేన్ గుడాల్. 1960లో టాంజానియాలోని గోంబేలో, డిగ్రీ కూడా లేని 26 ఏళ్ళ ఆవిడ, ఒక చింపాంజీ పుల్లకి ఆకులు దూసి చెదపుట్టలోకి దోపి పురుగుల్ని పైకి తీసుకుతినడం చూసింది. పనిముట్టు చేసుకునేది మనిషి ఒక్కడే అన్న గర్వం దాంతో పోయింది. ఆవిడ 2025 అక్టోబరు 1న తన 91వ ఏట కన్నుమూసింది.

ఇంకో ముచ్చట. 2007లో జర్మనీలో ఐదు ఒరాంగుటాన్లకి నిలువు గొట్టంలో వేరుశనగ గింజ పెట్టి చూపించారు. అడుగున కొంచెం నీళ్ళు, వేలు పెడితే అందదు. అవి నోటినిండా నీళ్ళు తెచ్చి గొట్టంలో ఉమ్మి, గింజని పైకి తేల్చాయి, ఐదింటికి ఐదూ. మనం చిన్నప్పుడు చెప్పుకున్న కడవలో గులకరాళ్ళు వేసిన కాకి కథే ఇది! షార్జా బాల్కనీలో వాలే కాకుల్ని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మావాడి సంగతి చెప్పాలి. పదో తరగతి కాగానే, ఇక్కడి మా వాళ్ళు చాలామంది చేసినట్టే, వాణ్ణి ఆంధ్రాలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పడేశాను. తెల్లవారకముందే లేపి రాత్రి పదకొండుదాకా చదివించేవారు. వారం వారం పరీక్షలు, ర్యాంకులు. ఏడో నెలలో వాడు పది కిలోలు తగ్గి, మాటలు కూడా తగ్గి తిరిగొచ్చాడు. మా ఆవిడ వాణ్ణి మళ్ళీ పంపనంది. ఆ మాట నేను అనవలసింది. వాడు తంటాలుపడి డిప్లొమా చేశాడు. ఇప్పుడు అబూ ధాబీలో పంపుల మరమ్మతు చూసే ఉద్యోగం. ఎవరికీ అంతుబట్టని మొరాయింపు వస్తే వాణ్ణే పిలుస్తారట. ఆ మాట వాడు చెప్పలేదు, కోడలు చెప్పింది.

సుల్తాన్ కథ చదివిన రోజు వాడికి ఫోన్ చేశాను. కర్రల సంగతి, బర్చ్ సంగతి చెప్పి, అల్ ఐన్‌లో ఆ చింపాంజీ గుర్తుందా అని అడిగాను.

"అది గుర్తులేదు నాన్నా. రేడియో గుర్తుంది" అన్నాడు.

ఆ రేడియోని వాడు తిరిగి బిగిస్తూండగా నేను లాక్కుని చెత్తలో పడేశాను. రెండు మరలే మిగిలాయని అప్పుడు ఏడుస్తూ చెప్పాడు. నేను వినలేదు.