శ్రమల రాత్రిలో సమాధానము



బోరు ఎండినప్పుడు, బిడ్డలు బొంబాయికి వలస పోయినప్పుడు, దేవుడు మనలను మరచాడా అని మనం కుమిలిపోతాం. దీనికి మన సంఘ చరిత్రలోనే జవాబు ఉంది.

1890లో అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు నల్లగొండకు వచ్చారు. వారిని పంపినవి అప్పటి రష్యా సామ్రాజ్యంలోని, నేటి ఉక్రెయిన్‌లోని మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలు. ఆయుధం పట్టము అన్న విశ్వాసం కోసం తరతరాలుగా ఊళ్ళు మారిన రైతుల సంతతి వారు. 1899లో అమెరికా నుండి మరికొందరు వచ్చారు. తరువాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో సేవ సాగింది.

1917లో రష్యాలో విప్లవం లేచింది. 1921-22 కరువులో, మనకు సువార్త పంపిన ఆ పల్లెలే రొట్టెకు అలమటించాయి. ఇచ్చిన చేతులే చాచవలసి వచ్చింది. అయినా ఇక్కడ సంఘం నిలిచింది. ఎందుకంటే వారు తెచ్చిన సమాధానము వారి సొంతం కాదు, ప్రభువుది.

యోహాను 14వ అధ్యాయం చూడండి. ప్రభువు తన సమాధానమును శిష్యులకు ఇచ్చింది సుఖదినాన కాదు, తాను అప్పగింపబడిన రాత్రి. శ్రమ తొలగకముందే అది మన చేతికి వచ్చింది.

ఈ వారం బోరు ఎండిన ఒక ఇంటికి వెళదాం. కలిసి ప్రార్థిద్దాం. వెళుతూ ఒక బిందె నీళ్ళు కూడా తీసుకుపోదాం. ఆమేన్.