మెడోస్ టెయిలర్: ఒక నవల, ఒక స్వీయచరిత్ర

అపరాధ కథలను చాటుగా చదివి, బల్లమీద మాత్రం ఘనగ్రంథాలను ఉంచుకొనడం విద్యావంతులలో ఒక మర్యాదగా సాగుతూ వచ్చినది. మాకు ఆ మర్యాద పట్ల గౌరవం లేదు. మంచి అపరాధ కథ ఒక కాలపు భయాలను పట్టి ఇస్తుంది. సాహసికుని స్వీయచరిత్ర ఆ భయాల నడుమ బ్రతికిన మనిషిని చూపుతుంది. ఈ రెండింటినీ ఒకే కలం వ్రాసిన సందర్భం మనకు సమీపంలోనే, నిజాం రాజ్యంలో కానవస్తుంది.

ఫిలిప్ మెడోస్ టెయిలర్ 1808లో లివర్‌పూల్‌లో జన్మించినాడు. పదిహేనేళ్ళ ప్రాయంలో బొంబాయి వర్తకుని కొలువుకని ఓడ ఎక్కిన ఈ బాలుడు 1824లోనే నిజాం సైన్యంలో చేరినాడు. దేశభాషలు నేర్చినాడు. కొంతకాలానికి పోలీసు అధికారిగా ఉండగా, బాటల వెంబడి జరుగుతున్న అంతుపట్టని హత్యల వార్తలు అతని చెవిని పడినవి. ఆ గుట్టు తేల్చకమునుపే పై అధికారులు తిరిగి పటాలానికి పంపివేసినారు. థగ్గులను బయటపెట్టిన కీర్తి స్లీమన్‌కు దక్కినది. ఈ లోటు టెయిలర్‌ను చివరివరకు బాధించినది.

ఆ మీదట అతడు పట్టుబడిన థగ్గుల వాఙ్మూలాలు స్వయంగా విన్నాడు. 1839లో వెలువడిన ‘థగ్గు ఒప్పుకోళ్ళు’ అనే మూడు సంపుటాల నవల వాటి ఫలమే. ఇందులో అపరాధ పరిశోధకుడు లేడు. హంతకుడైన అమీర్ అలీ తన కథ తానే చెప్పుకొంటాడు. హంతకుడెవరో మొదటి పుటలోనే తెలిసినా పుస్తకం చేతినుండి విడువదు. ఇంకొక చిత్రం: నడుమ ఎక్కడో మనమూ ఆ దుర్మార్గుని క్షేమమే కోరుతున్నామని గ్రహించి ఉలిక్కిపడతాము. అయితే దీనిని చరిత్రగా చదువరాదు. ఆ వాఙ్మూలాలు ప్రాణభయంతో ఇచ్చినవి. వాటిపై ఆధారపడిన థగ్గుల చిత్రాన్ని ఇటీవలి చరిత్రకారులు గట్టిగా శంకించినారు.

మాకు స్వీయచరిత్రయే ఎక్కువ ప్రియం. రచయిత 1876లో గతించగా, మరుసటి యేడు కుమార్తె దానిని ప్రకటించినది. అందులో ప్రాణం సురపురం ఘట్టం. నేడు కర్ణాటకలో ఉన్న ఆ బేడర సంస్థానానికి టెయిలర్ 1841లో పాలనాధికారిగా వెళ్ళినాడు. బాలరాజు వెంకటప్ప నాయకుడు అతనిని ‘అప్పా’ అని పిలిచేవాడు. ఇరవై నాలుగవ యేట ఆ బాలునికి గండమని జ్యోతిష్కులు చెప్పిరట.

1858లో రాజు తిరుగుబాటుచేసి ఓడిపోయి, హైదరాబాదులో పట్టుబడినాడు. చెరలో ఉన్న అతనిని చూడ టెయిలర్ వెళ్ళినాడు. మరణశిక్ష తగ్గి తగ్గి చివరకు చెంగల్పట్టు ప్రాంతంలో నాలుగేళ్ళ నిర్బంధంగా మారినది. అక్కడికి పోయే దారిలో, వెంట ఉన్న అధికారి గుడారంలో వదలిన తుపాకి పేలి రాజు మరణించినాడు. అప్పటికి అతని వయస్సు జ్యోతిష్కులు చెప్పినదే.

నవలాకారుడెవడైనా ఆ గుడారాన్ని పట్టుకొని నూరు పుటలు నడిపి ఉండేవాడు. నవలలో అన్ని హత్యలు వర్ణించిన టెయిలర్ ఇక్కడ పరిశోధనకు దిగలేదు. తాను పెంచినవాని మరణాన్ని కొద్ది మాటలలో చెప్పి కథ ముందుకు సాగించినాడు. సురపురం అధ్యాయాలు ముందు చదివి, నవల తరువాత అందుకొనవలెనని మా సలహా.