పుల్లని పాల చెంచాతో మొదలైన చరిత్ర

జీర్ణాశయ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగి ఇంటికి వచ్చిన వారికి వైద్యులు చెప్పే ఆహార నియమాలు మీకు విచిత్రంగా తోచవచ్చు. వాటిలో ప్రతిదాని వెనుక ఒక చరిత్ర ఉన్నది.

1881 జనవరి 29న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే శస్త్రవైద్యుడు 43 ఏళ్ళ తెరెసా హెల్లర్ జీర్ణాశయంలో క్యాన్సర్ సోకిన కింది భాగాన్ని తొలగించి, మిగిలినదానిని చిన్నప్రేగుకు కలిపి కుట్టాడు. అంతకు ముందు 1879లో పారిస్‌లో పెయాన్, 1880లో పోలిష్ వైద్యుడు రిడిగియర్ ఇదే పని చేశారు గాని వారి రోగులు దక్కలేదు. ఈమె దక్కింది. వైద్య గ్రంథాలు ఆ కుట్ల నైపుణ్యాన్ని వర్ణిస్తాయి. నన్ను ఆకర్షించినది ఆ తరువాతి సంగతి. మొదటి రోజు నోటికి మంచు ముక్కలు మాత్రమే ఇచ్చారు. మరునాటి నుండి పుల్లని పాలు, మొదట గంటకొక చెంచా, పిదప అరగంటకొక చెంచా. పుల్లని పాలంటే మన మజ్జిగకు దగ్గరి చుట్టమే! క్యాన్సర్ తిరిగి రావడంతో ఆమె సుమారు నాలుగు నెలలకు మరణించింది. కాని కొద్దికొద్దిగా, పలుమార్లు తినాలన్న పద్ధతి నేటికీ నిలిచే ఉన్నది.

1897లో జ్యూరిక్ నగరంలో ష్లాటర్ ఒక స్త్రీకి జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించాడు. ఆమె ఏడాదికి పైగా జీవించింది. జీర్ణాశయం లేకున్నా మనిషి బ్రతకగలడని అప్పుడు తేలింది. అరిగించే పనిలో అధిక భాగం చిన్నప్రేగుదే. జీర్ణాశయం ప్రధానంగా ఒక గాదె వంటిది. లీటరుకు పైగా ఆహారాన్ని నిలువ ఉంచుకొని ప్రేగుకు కొంచెం కొంచెంగా వదులుతుంది. గాదె పోయిన పిమ్మట తిన్నది ఒక్కసారిగా ప్రేగులో పడుతుంది. అప్పుడు కడుపునొప్పి, చెమటలు, గుండెదడ, విరేచనం. 1922లో మిక్స్ అనే వైద్యుడు దీనికి 'డంపింగ్' అన్న మాట వాడాడు. తీపి పదార్థాలు దీనిని మరింత రేపుతాయి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, కోదాడ పరిసరాలు వరి పొలాలయ్యాయి. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరుపడింది. జొన్న గటక, అంబలి తాగిన ఇళ్ళలో కంచం నిండా తెల్లన్నం వచ్చింది. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకొని సూర్యాపేటకు తిరిగి వచ్చిన మనిషికి ఇంటివారు ప్రేమతో పెట్టేది ఆ కంచమే. చూడవచ్చిన చుట్టాలు తెచ్చేది గ్లూకోజు డబ్బా. రెండూ ఈ రోగికి సరిపడవు. కంచం మార్చి చిన్న గిన్నె పెట్టండి. మెత్తగా ఉడికిన అన్నంలో పప్పు గాని పెరుగు గాని కలిపి, రెండు మూడు గంటలకొకసారి, రోజుకు ఆరేడుసార్లు నెమ్మదిగా నమిలి తిననివ్వండి. గుడ్డు, ముళ్ళు తీసిన చేప తప్పక పెట్టండి; తగ్గిన కండ తిరిగి రావడానికి మాంసకృత్తులు కావాలి. నీళ్ళు అన్నంతోపాటు కాక, అరగంట ఎడంగా తాగాలి. మునగకాయ పిప్పి, నారింజ తొనల తోలు మింగవద్దు. అవి ఉండకట్టి ప్రేగుకు అడ్డుపడవచ్చు. "రోగి ఏమీ తినడం లేదు" అని కుటుంబం దిగులుపడుతుంది. చిన్న గిన్నెలను లెక్కపెట్టండి, వారానికొకసారి బరువు చూడండి. బరువు తగ్గుతూనే ఉంటే వైద్యుణ్ణి కలవండి.

రక్తహీనత కథ వేరు. జీర్ణాశయంలో తయారయ్యే ఒక పదార్థం లేనిదే రక్తం సరిగా వృద్ధి చెందదని 1929లో అమెరికాలో కాసిల్ నిరూపించాడు. విటమిన్ బి12ను 1948లో వేరుచేశారు. ఆ నడుమ, 1945లో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది గొప్ప వరమే. అయితే బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం పట్టినట్లే కనబడి, లోలోపల నరాలు దెబ్బతింటాయి. జీర్ణాశయం పూర్తిగా తీసినవారికి బి12 సూది జీవితాంతం కావాలి. కాలేయంలోని నిల్వ కొన్నేళ్ళు సరిపోతుంది కనుక లోపం వెంటనే బయటపడదు. మనిషి కోలుకొని పొలానికి వెళ్ళే మూడో నాలుగో ఏట, అందరూ ఆపరేషన్ సంగతి మరచిన వేళ, అరికాళ్ళ తిమ్మిరితో మొదలవుతుంది. మీ ఇంట అటువంటివారు ఉంటే వారి చీటీలో తరువాతి సూది తేదీ వ్రాసి ఉన్నదో లేదో ఈ రోజే చూడండి.