భూప్రదక్షిణము - నావ మొదలు బాడుగ విమానము వఱకు



గుడిలో ప్రదక్షిణము చేయుట మీలో నందఱకును అలవాటైన పనియే. ప్రదక్షిణము చేయువాడు బయలుదేరిన చోటికే మరల వచ్చును. చూచువానికి అతడు కదిలిన దూరము సున్న. ఐనను తిరిగి వచ్చినవాడు పోయినవానికంటె కొంత మేలైనవాడు కావలెనని మన పెద్దల కోరిక. ఈ భూగోళమునకే ప్రదక్షిణము చేసినవారి చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఒకనాడు ప్రాణములకు తెగించినవారు మాత్రమే చేసిన ఈ పని, అయిదువందల యేండ్లలో, ధనవంతులు విమానమునకు విమానమే బాడుగకు మాట్లాడుకొని చేయు విలాసయాత్రగా మాఱినది. ఈ మార్పు ఎట్లు కలిగినది? ఇందు మనుష్యుడు గడించినదేమి? పోగొట్టుకొన్నదేమి? ఇదియే నేటి విచారణ.

1519వ సంవత్సరమున స్పెయిన్ దేశమునుండి అయిదు నావలు పడమటి దిక్కుగా బయలుదేరెను. నాయకుడు మాగెల్లన్ అను పోర్చుగీసువాడు. వెంట రెండువందలకు మించిన నావికులు గలరు. లవంగములు మొదలగు సుగంధద్రవ్యములు పండు దీవులకు పడమటి త్రోవ కనుగొనుట వారి యుద్దేశము. పసిఫిక్ మహాసముద్రముమీద ఆహారము తీఱిపోగా, వారు ఎలుకలను తినిరి; ఓడ కొయ్యలకు చుట్టిన తోలును నానబెట్టి, కాల్చి తినిరి. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీను దీవులలో జరిగిన కొట్లాటలో మాగెల్లన్ మరణించెను. తుదకు 1522 సెప్టెంబరు 6వ తేదీని ఎల్కానో అనువాని నాయకత్వమున విక్టోరియా అను ఒక్క నావ మాత్రము స్పెయిన్ చేరెను. అందు మిగిలినవారు 18 మంది.

వీరి కథలో పంచాంగము చూచు పెద్దలు మెచ్చదగిన విశేష మొకటి కలదు. వారు తిథివారములను తప్పక వ్రాసికొనుచు వచ్చిరి. తిరుగు దారిలో కేప్ వెర్డె దీవులలో దిగి విచారింపగా, తమ లెక్కకు బుధవారమైన దినము ఒడ్డుననున్నవారికి గురువారమని తెలిసినది. సూర్యునితోపాటు పడమటికి పోయి పోయి, భూమిని చుట్టి వచ్చుటచే వారి లెక్కలో ఒక దినము తఱిగిపోయినది. లెక్కలో పొరపాటు లేదు. లోకము గుండ్రముగా నుండుటయే కారణము. ప్రాణములను పణముగా పెట్టి తిరిగి వచ్చినవారు లోకమున కిచ్చిన జ్ఞానమిట్టిది.

అటుపిమ్మట మూడువందల యేబది సంవత్సరములకు లోకమును చుట్టు దారి సుగమమయ్యెను. 1869లో రెండు గొప్ప పనులు ముగిసెను. సూయజ్ కాలువ తెఱవబడుట ఒకటి. అమెరికా ఖండమున సముద్రమునుండి సముద్రమువఱకు రైలుదారి కలియుట రెండవది. ఆ మఱుసటి యేడు మన దేశమునను బొంబాయి, కలకత్తాల నడుమ రైలుదారి పూర్తియయ్యెను. ఈ వసతులను చూచి, తామస్ కుక్ అను ఆంగ్లేయుడు 1872లో కొలదిమంది యాత్రికులను వెంటబెట్టుకొని భూప్రదక్షిణమునకు బయలుదేరెను. అమెరికా, జపాను, చీనా, సింహళము, హిందూదేశము, ఈజిప్టు చూచుకొని 222 దినములలో యాత్ర ముగించిరి. మనిషికి తీసికొన్న సొమ్ము 200 గినీలు.

ఈ కుక్ ఎవరు? ఆయన రాజు కాడు, జమీందారు కాడు. వడ్రంగము నేర్చి, మద్యపాన నిషేధమును బోధించుచు ఊరూర తిరిగినవాడు. 1841 జూలై 5న ఆయన లెస్టరు పట్టణమునుండి లఫ్‌బరో అను ఊరికి ఒక రైలుబండిని ప్రత్యేకముగా మాట్లాడెను. మద్యపాన నిషేధ సభకు పోవు సామాన్యులు ఇంచుమించు అయిదువందల మంది మనిషికి ఒక్క షిల్లింగు చొప్పున నిచ్చి అందులో ప్రయాణము చేసిరి. విడివిడిగా టిక్కెట్టు కొనలేనివారు కలిసికట్టుగా బండినే బాడుగకు తీసికొనిరి. దానిచే అందఱకును చౌక యయ్యెను. పెండ్లివారు బండ్లు కట్టించుకొనుట వంటిదే ఈ యుపాయము. దీనిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. వాహనమును మొత్తముగా బాడుగకు తీసికొను పద్ధతి బీదవారిని ఎక్కించుకొనుటకే ఆ దినమున వినియోగపడినది.

తరువాత ఆ పద్ధతి వేఱు త్రోవ పట్టెను. 1922లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అను సంస్థ లకోనియా అను పెద్ద ఓడను బాడుగకు తీసికొని, న్యూయార్కునుండి భూప్రదక్షిణమునకు పంపెను. యాత్ర 130 దినములు. ఆగిన రేవులు 22. యాత్రికుడు మూట విప్పి మరల కట్టుకొను పనిలేదు. తన గది తనతోనే లోకము చుట్టి వచ్చుచుండెను. విలాసయాత్రకు మూలసూత్ర మిదియే: యాత్రికుడు వాహనమునకై కాచుకొనడు, వాహనమే యాత్రికునికై కాచుకొనును.

ఆకాశమార్గమున మొదటి ప్రదక్షిణము చేసినవారు అమెరికా సైనికులు. 1924 ఏప్రిల్‌లో నాలుగు విమానములు బయలుదేరగా, 175 దినముల పిమ్మట రెండు మాత్రమే యాత్రను పూర్తిచేసెను. వారు దారిలో కలకత్తా, కరాచీలలో దిగిరి. అది విలాసము కాదు. చలికిని, మంచునకును, యంత్రముల విఱుగుడునకును ఓర్చి చేసిన సాహసము.

ఆకాశమున బాటసారులు పడకలపై నిద్రించుచు, బల్లలముందు భోజనము చేయుచు లోకమును చుట్టినది 1929లో. ఆ వాహనము విమానము కాదు. జర్మనులు నిర్మించిన గ్రాఫ్ జెప్పెలిన్ అను వాయునౌక. దాని పొడవు 776 అడుగులు. లోపల హైడ్రోజన్ వాయువు నింపిన సంచులు. క్రిందిభాగమున ఒక భోజనశాల, పది పడకగదులు, ఒక్కొక్క గదిలో రెండేసి పడకలు. నాయకుడు హ్యూగో ఎక్కెనర్. వ్యయములో గొప్ప భాగమును హెర్స్ట్ అను అమెరికా పత్రికాధిపతి భరించెను. యాత్ర అమెరికాలోనే మొదలై అమెరికాలోనే ముగియవలెననియు, వార్తలు తన పత్రికలకు దక్కవలెననియు ఆయన నియమము. తపాలాబిళ్లలు కూర్చువారు ఆ నౌకలో పంపించుకొన్న జాబులవలన మఱికొంత సొమ్ము చేరెను.

ఆగస్టు నెలలో న్యూయార్కు సమీపముననున్న లేక్‌హర్స్టునుండి బయలుదేరి, ఆ నౌక జర్మనీ చేరెను. అక్కడనుండి సైబీరియా అరణ్యములమీదుగా, ఎక్కడను దిగక, నాలుగు దినములకు పైగా ఎగిరి జపాను చేరెను. ఆ పిమ్మట పసిఫిక్ మహాసముద్రమును దాటి లాస్ ఏంజలీస్‌లో దిగెను. అక్కడనుండి లేచునపుడు పైన వేడిగాలి, క్రింద చల్లగాలి యుండుటచే నౌక చక్కగా పైకి రాలేదు. ఎదుట విద్యుత్తు తీగలు. ఎక్కెనర్ ముందుభాగమును తీగలపైకి ఎత్తించి, వెంటనే దానిని దించి తోకను పైకి లేపించి, వెంట్రుకవాసిలో గండము గడిపెను. ఆగస్టు 29న నౌక లేక్‌హర్స్టు చేరుసరికి మొత్తము 21 దినముల 5 గంటలు పట్టెను. బాటసారులలో స్త్రీ ఒక్కర్తె: డ్రమ్మండ్-హే అను విలేఖరి. విలాసమని పేరేగాని, ఆ నౌకలో చలి కాచుకొను ఏర్పాటు లేదు. నిప్పు భయముచే చుట్ట కాల్చుటకు వీలులేదు. ధనవంతులును దుప్పట్లు కప్పుకొని వణకుచు కూర్చుండిరి. 1937లో హిండెన్‌బర్గ్ అను మఱియొక వాయునౌక ఆ లేక్‌హర్స్టులోనే తగులబడుటతో బాటసారులను మోయు వాయునౌకల యుగము ముగిసెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట విమానములు ఆ చోటు నాక్రమించుకొనెను. 1947 జూన్‌లో పాన్ అమెరికన్ సంస్థవారి విమానమొకటి పత్రికాధిపతులను ఎక్కించుకొని, కలకత్తా మొదలగు నగరములలో ఆగుచు, 13 దినములలో లోకము చుట్టి వచ్చెను. అంతట టిక్కెట్టు కొన్నవారెవరైనను భూప్రదక్షిణము చేయుటకు ఏర్పాట్లు కలిగెను. కాలము గడచినకొలది వేగము పెరిగెను. 1995 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు కాన్‌కార్డ్ విమానము, ధ్వనికంటె వేగముగా ఎగురుచు, ఆఱుచోట్ల మాత్రము దిగి, 31 గంటల 27 నిమిషములలో న్యూయార్కునుండి న్యూయార్కునకు లోకమంతయు చుట్టెను. మూడు సంవత్సరముల పని ఒకటిన్నర దినమునకు వచ్చినది. కాన్‌కార్డ్ విమానములు 2003లో విరమించుకొనెను.

ఇక వేగమున గెలుచుటకు మిగిలినది స్వల్పము. కావున ధనవంతులు వేగమును విడిచి తీరికను కొనసాగిరి. 2015లో ఫోర్ సీజన్స్ అను హోటళ్ల సంస్థవారు బోయింగ్ 757 విమానమొకటి తమ యాత్రలకై ప్రత్యేకముగా సిద్ధము చేయించిరి. సామాన్యముగా ఇంచుమించు ఇన్నూఱుమంది కూర్చుండు ఆ విమానములో 52 ఆసనములే యమర్చిరి. ఆసనము వెనుకకు వాల్చిన పడక యగుచుండెను. వంటలపెద్దయు వైద్యుడును వెంటనే యుండిరి. భూప్రదక్షిణము 24 దినములు. ఆనాడు మనిషికి 1,19,000 డాలర్లు, అనగా అప్పటి మారకమున ఇంచుమించు డెబ్బదియైదు లక్షల రూపాయలు. ఇట్టి యాత్రలు నడపు సంస్థలు మఱికొన్నియు కలవు.

ఇక్కడ ఒక వింత చూడుడు. 1929 నాటి వాయునౌకకు పట్టినవి 21 దినములు. ఒకటిన్నర దినములో చుట్టగల శక్తి వచ్చిన తరువాత విలాసయాత్రకు పట్టినవి 24 దినములు. ధనవంతుడు డబ్బిచ్చి కొనినది వేగము కాదు. వరుసలో నిలువకుండుట, మూట మోయకుండుట, ఎవరికొఱకును కాచుకొనకుండుట. మఱియొక లెక్కయు చూడుడు. ఇన్నూఱుమందిని మోయు విమానము ఏబదిమందిని మోయునపుడు, ఒక్కొక్కరి వంతునకు వచ్చు ఇంధనము ఇంచుమించు నాలుగు రెట్లగును. ఒక కిలో ఇంధనము మండినచో మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టి అందఱి గాలిలో కలియును. టిక్కెట్టు సొమ్ము యాత్రికునిదే. పొగ మాత్రము ఊరందఱిది.

అట్లని ధనవంతుని యాత్ర యంతయు వ్యర్థమని నే ననను. మన తెలుగువారిలోనే దీనికి ఒక దృష్టాంతము కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరిరి. ఆయనయు కలిగినవాడే. పల్లకీలు, బోయీలు, గుడారములు, పరివారముతో కలిసి ఇంచుమించు నూఱుమంది. ఆయన కాచుకొను పని లేదు. పల్లకీయే ఆయనకై కాచుకొనును. నేటి బాడుగ విమానమునకును దానికిని ఈ విషయమున భేదము లేదు. కాని ఆయన ప్రతిదినమును మిత్రునికి జాబు రూపమున వ్రాయుచు వచ్చెను. ఏ మజిలీకి ఎంత దూరము, ఏ యూరిలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లు కలవు, ఏ నదిని ఎట్లు దాటవలెను అను సంగతులన్నియు అందు కలవు. 1831 సెప్టెంబరు 3న ఆయన ఇల్లు చేరెను. 1838లో ఆ వ్రాతలు కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చుపడెను. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని చెప్పుకొను ఆ దినములలో, పల్లకీ యెక్కినవాడు వ్రాసిన వ్రాత కాలినడకను పోవువానికిని త్రోవ చూపగలిగెను. యాత్ర ఒక్కనిదే, ఫలము పదుగురిది.

అతిథి యను మాటకు తిథి నియమము లేక వచ్చువాడని మన పెద్దలు అర్థము చెప్పుదురు. విలాసయాత్రికునికి గడియతో సహా తిథి ముందే అచ్చుపడి యుండును. నేడు తాజమహలు, ఎల్లుండి మఱియొక ఖండము. అతడు చూచినవి మిక్కుటము. అతని నెఱిగినవారు స్వల్పము. మాగెల్లన్ నావికులు ఒక దినమును పోగొట్టుకొని లోకమున కొక జ్ఞానమును తెచ్చిరి. మఱి ఇరువదినాలుగు దినములను కొనుక్కొన్నవాడు ఏమి తెచ్చెనని అడుగుట మన ధర్మము.

పెద్దలారా! ఈ ప్రశ్న విమానమెక్కువారికి మాత్రమే కాదు. మీ యూళ్ల పిల్లలు నేడు చదువునకును, ఉద్యోగమునకును దూరదేశములకు పోవుచున్నారు. వారు సెలవులకు వచ్చినపుడు ఎన్ని ఊళ్లు చూచితిరని అడుగకుడు. ఎవరి యింట అన్నము తింటిరి, వెనుక వచ్చువారికి పనికివచ్చు సంగతి ఏమి తెలిసికొంటిరని అడుగుడు. మీరును ఏటేట తీర్థయాత్రకు బస్సు మాట్లాడుకొనుచునే యున్నారు. అది 1841లో కుక్ చేసిన పనియే. ఈమాఱు బస్సు మాట్లాడునపుడు చందా ఇచ్చుకొనలేని ముసలమ్మకో, కూలివానికో రెండు చోట్లు ముందుగనే విడిచి, తక్కిన వాటికి లెక్క కట్టుడు. ఒక్కొక్కరిమీద పడు భారము కొలది రూపాయలే. బండిని బాడుగకు తీసికొను పద్ధతి ఏ పనికై పుట్టెనో ఆ పని మీ యూరిలోనైన నిలుచును. సెలవు.