వెండి నాణేల శుభ్రత, సంరక్షణ

పాత వెండి నాణేల మీద చేరిన నలుపు, చిలుము, మట్టిని తొలగించడం, ఆపైన అవి పాడవకుండా దాచడం నాణేల సేకరణ అంత పాత పని. దీని చరిత్ర చాలావరకు వెనకడుగుల చరిత్ర. 19వ శతాబ్దపు సేకర్త మసక కనబడితే చాలు రుద్దేవాడు. నేటి నిపుణుడు మాత్రం ముట్టుకోక తప్పదని తేలితే తప్ప చెయ్యి వెయ్యడు. మధ్యలో ఎన్ని నాణేల ముఖాలు అరిగిపోయాయో లెక్క లేదు.

నలుపు, పచ్చ

మామూలు వాతావరణంలో వెండి ఆక్సిజన్‌తో కలవదు. దాన్ని నల్లబరిచేది గంధకం. గాలిలో అతి స్వల్పంగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్, తేమ తోడైతే, నాణెం పైపొరను సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఉన్ని గుడ్డలు, రబ్బరు బ్యాండ్లు, నాసిరకం అట్టలు, కాగితపు కవర్లు కూడా గంధకాన్ని వదులుతాయి. పొర పలచగా ఉన్నప్పుడు పసుపు, తరవాత గోధుమ, ఊదా, నీలం, చివరకు నలుపు. మధ్యలో కనిపించే రంగులు అద్దకం కాదు. తడి రోడ్డు మీద నూనె తెట్టులో కనిపించే రంగుల్లాగే పొర మందాన్ని బట్టి వెలుతురు చేసే పని.

భూమిలో పడివున్న నాణెం కథ వేరు. ఉప్పు ఉన్న నేలలో దాని మీద సిల్వర్ క్లోరైడ్ పెచ్చు కడుతుంది. వెండిలో కలిపిన రాగి ముందుగా కరిగి, బయటికి వచ్చి పచ్చటి చిలుముగా మారుతుంది. అందుకే తవ్వకంలో దొరికిన వెండి నాణేన్ని రాగిదని పొరబడేవారు ఎక్కువ. రాగి పోయిన లోహం లోపల పెళుసెక్కుతుంది కూడా. వెండి నాణేలు కాలంతోపాటు ఇలా పెళుసెక్కడం గురించి థాంప్సన్, ఛటర్జీ అనే శాస్త్రవేత్తలు 1954లో ప్రత్యేక వ్యాసమే రాశారు. అలాంటి నాణేన్ని బ్రష్షుతో గట్టిగా తోమితే అంచు విరిగి చేతికి వస్తుంది.

ఇంటి పద్ధతులు

తెలుగు ఇళ్లలో వెండి సామాను చింతపండుతో, కుంకుడు రసంతో, విభూదితో తోముతారు. గిన్నెకూ కుందికీ అది సరిపోతుంది, వాటికి మెరుపే ముఖ్యం. అదే చెయ్యి లక్ష్మీపూజలో పెట్టే విక్టోరియా రూపాయి మీదా పడుతుంది. చింతపండు పులుపు రాగి చిలుమును కరిగిస్తుంది కాని వెండి మీది నలుపును పెద్దగా కదిలించలేదు. నలుపును వదిలించేది రాపిడి. విభూది సన్నగా గీతలు పెడుతుంది. ఏటా తోమిన రూపాయి మీద రాణి జుట్టు పాయలు ముందు పోతాయి, చెంప తరవాత. లంబాడీ స్త్రీల నగల్లో కొక్కెం అతికిన రూపాయలది మరో సంగతి: ఆ అతుకూ ఆ అరుగుదలా వాటి చరిత్రలో భాగమే కనుక తీసేయకూడదు.

ప్రయోగశాల రాక

పెద్దచోట్ల కూడా తెలివి ఆలస్యంగానే వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా టంకశాల సొంత సేకరణలోని వెండి ప్రూఫ్ నాణేల మీద తెల్లటి పూత కనిపించిందని, సెలవుల్లో ఒక ఉద్యోగి అత్యుత్సాహంతో కొట్లో కొన్న లోహపు పాలిష్‌తో వాటిని రుద్దడమే అందుకు కారణమని ఫారన్ జెర్బ్ అనే నాణేల నిపుణుడు 1903లో రాశాడు. అద్దంలా మెరిసేందుకే ప్రత్యేకంగా ముద్రించిన నాణేలవి.

అప్పటికే బెర్లిన్‌లో వేరే దారి మొదలైంది. 1888లో అక్కడి రాజ మ్యూజియంలలో ఫ్రీడ్రిక్ రాట్‌గెన్ ఆధ్వర్యంలో రసాయన ప్రయోగశాల ఏర్పడింది. పురావస్తువుల సంరక్షణ మీద ఆయన 1898లో వెలువరించిన పుస్తకం చాలాకాలం దారిచూపింది. విద్యుత్తు సాయంతోగాని, జింకు, కాస్టిక్ సోడాతోగాని చిలుమును తిరిగి లోహంగా మార్చే పద్ధతులు ఆ కాలపువే. మొదటి ప్రపంచ యుద్ధంలో భూగర్భ సొరంగాల్లో దాచిన వస్తువులు చెమ్మకు పాడవడంతో బ్రిటిష్ మ్యూజియం 1919లో అలెగ్జాండర్ స్కాట్ అనే రసాయన శాస్త్రవేత్తను పిలిచింది. అలా మొదలైన ప్రయోగశాలలో 1924లో చేరిన హెరాల్డ్ ప్లెండర్‌లీత్ 1956లో రాసిన గ్రంథం తరవాతి తరానికి పాఠ్యపుస్తకమైంది.

భారతదేశంలో 1917లో పురావస్తు శాఖ రసాయన శాస్త్రవేత్తగా మహమ్మద్ సనావుల్లా నియమితుడయ్యాడు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో 1930లో పరమశివన్ అనే రసాయన శాస్త్రవేత్త నడిపిన ప్రయోగశాల మొదలైంది. లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధనాలయం 1976లో వచ్చింది.

బరువు చెప్పే సాక్ష్యం

తోమడం వల్ల అసలు నష్టం అందానికి కాదు. క్రీస్తు పూర్వపు విద్ధాంక నాణేలను చూస్తే ఇది తెలుస్తుంది. ఇవి ముద్రలు కొట్టిన చిన్న వెండి ముక్కలు, ఒక్కొక్కటి సుమారు 3.4 గ్రాములు. బొరుసు వైపు చలామణీలో ఉండగా కొట్టిన చిన్న చిన్న గుర్తులుంటాయి. గణిత శాస్త్రవేత్త డి.డి. కోశాంబి 1940లలో తక్షశిల రాశుల్లోని నాణేల బరువులు పరిశీలించి, వెనక గుర్తులు పెరిగేకొద్దీ సగటు బరువు తగ్గుతోందని చూపాడు. అంటే చలామణీలో ఎక్కువకాలం ఉన్న నాణెం ఎక్కువ అరిగింది. మిల్లీగ్రాముల తేడా మీద నిలబడ్డ వాదన ఇది. ఆమ్లంలో ముంచిన నాణెం అలాంటి లెక్కకు పనికిరాదు. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేల రాశిని పరమేశ్వరీలాల్ గుప్తా 1963లో పుస్తకంగా పరిచయం చేశారు. అటువంటి రాశుల విలువ సగం ఆ గుర్తుల్లోనే ఉంది. నల్గొండ ప్రాంతపు అక్కన్‌పల్లిలో బయటపడ్డ రోమన్ దినారియస్‌లకూ ఇదే వర్తిస్తుంది: వాటిమీద ఇక్కడివారు కొట్టిన చిన్న ముద్రలు ఒక్క గట్టి రుద్దుకు మాయమవుతాయి.

బజారు, పెట్టె

20వ శతాబ్దం మధ్యలో అమెరికా బజారు తెల్లగా తళతళలాడే వెండి డాలరును కోరింది. ఆమ్లంలో కలిపిన థయోయూరియా ద్రావణంలో ముంచి తీస్తే క్షణాల్లో నలుపు పోతుంది. పోయేది నలుపొక్కటే కాదు. ముద్ర దెబ్బకు లోహం ఒత్తుకుని పారినప్పుడు ఏర్పడిన సన్నటి గీతలూ కొంత కరుగుతాయి. నాణెం తిప్పినప్పుడు చక్రంలా తిరిగే మెరుపు ఆ గీతల వల్లే. పదేపదే ముంచితే నాణెం వెలవెలబోతుంది. తరవాత అభిరుచి మారింది. సహజంగా రంగులు తేలిన నాణేలకు ఎక్కువ ధర రావడంతో కృత్రిమంగా రంగు తెప్పించే మోసగాళ్లూ పుట్టారు. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు వచ్చాక, తోమిన నాణేనికి మామూలు అంకె గ్రేడు నిరాకరించడం వాడుకైంది.

దాచడంలోనూ పొరపాట్లు జరిగాయి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు నాణేల మీద పచ్చటి జిగురు వదిలాయి. ఇది పైపైనే ఉంటే శుద్ధమైన అసిటోన్‌తో పోతుంది. లోహానికి హాని ఉండదు. నేడు పాలిస్టర్ పొరలు, గట్టి ప్లాస్టిక్ బిళ్లపెట్టెలు, తేమను పీల్చే సిలికా జెల్ వాడతారు. అంచు పట్టుకోవడం, నూలు చేతి తొడుగులు వేసుకోవడం అన్నీ చెమటలోని ఉప్పుకు భయపడే.

అల్యూమినియం రేకు, సోడా కలిపిన వేడి నీటి చిట్కా ఇళ్లలో బాగా ప్రచారంలో ఉంది. అది సల్ఫైడ్‌ను తిరిగి వెండిగా మారుస్తుంది, నిజమే; కాని తిరిగొచ్చిన వెండి పాత నిగ్గుతో రాదు, మొద్దుగా ఉంటుంది. పైగా అన్ని రూపాయలూ ఒకటి కావు. బ్రిటిష్ రూపాయిలో 91.7 శాతం వెండి. నిజాం హాలీ సిక్కా రూపాయిలో 81.8 శాతమే. 1940 నుంచి వచ్చిన బ్రిటిష్ వెండి రూపాయిలో వెండి సగం, మిగతాది రాగి, నికెల్, జింకు. ఒకదానికి పనికొచ్చిన మందు ఇంకొకదాన్ని పాడుచేస్తుంది.

1622లో మునిగిన స్పెయిన్ ఓడ అతోచా సంపద 1985లో దొరికినప్పుడు వెండి నాణేలు సముద్రంలో ముద్దలుగా అతుక్కుని ఉన్నాయి. అక్కడ విద్యుత్ పద్ధతి తప్ప మార్గం లేదు. మన పొలాల్లో దొరికే నాణేల కుండల సంగతి అంత కష్టం కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. కుండను మట్టితో సహా అప్పగిస్తే, ఆ మట్టిని జల్లించి, నాణేలను కడగకముందే తూచి, అతుక్కున్న వరసను ఫోటో తీసి అప్పుడు పని మొదలుపెడతారు. దొరికినవాళ్లు ముందే చింతపండుతో కడిగి పంచుకుంటే, ఏ నాణెం కుండలో అడుగున ఉందో, ఏది పైన పడిందో చెప్పే అవకాశం ఆ నీళ్లతోనే పోతుంది.